కందిరీగల ఇంట్లో పెత్తనం ఎవరిది?

ఇంట్లో గొడవ రేగితే ‘కందిరీగల తుట్టె కదిపినట్టయింది’ అంటాం. నలుగురూ ఒక్క మాట మీద ఉంటే ‘చీమల్లా కలిసికట్టుగా ఉన్నారు’ అంటాం. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే పిల్లని తేనెటీగతో పోలుస్తాం. పోట్లాటకి ఒక పురుగునీ, పొత్తుకి ఇంకో పురుగునీ మన ఇష్టం వచ్చినట్టు కేటాయించేశాం. ఆ పురుగుల ఇళ్ళల్లో మాత్రం పొత్తూ పోరూ ఒకే కప్పు కింద కాపురం చేస్తుంటాయి.

చీమనీ తేనెటీగనీ చూసి కష్టపడ్డం నేర్చుకోమని చిన్నప్పుడు బళ్ళో మనందరికీ చెప్పారు. చెప్పని సంగతి ఒకటుంది. చీమల పుట్టలో, తేనెపట్టులో, కందిరీగల గూట్లో పనిచేసేవన్నీ ఆడవే! తిండి తేవడం, ఇల్లు కట్టడం, శుభ్రం చేయడం, పిల్లల్ని సాకడం, వాకిట్లో కాపలా కాయడం అన్నీ ఆడవాటి వంతే. ఆ సాకే పిల్లలు కూడా చాలామట్టుకు వాటి సొంత పిల్లలు కాదు. తల్లి కన్నవో, అక్క కన్నవో, పిన్ని కన్నవో.

దీన్ని మనవాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారు. ‘త్యాగం’ అని. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు నూటయాభై ఏళ్ళకి పైగా తంటాలు పడుతూనే ఉన్నారు. వాళ్ళు తేల్చినవి చదువుతుంటే, కథలు రాసుకునే నాకు ఆ గూళ్ళలో కథలకి సరిపడా సరుకు కనిపించింది.

బొట్టు పెట్టి మరీ చూశారు

సన్‌షేడ్ కిందో, మేడమెట్ల మలుపులోనో, తెరవని కిటికీ రెక్క వెనకో బూడిదరంగు కాగితంతో చేసినట్టున్న చిన్న గూడు సన్నని కాడతో వేలాడుతుండడం మీరు చూసే ఉంటారు. అది నిజంగా కాగితమే. కందిరీగలు చెక్కనీ ఎండుకాడల్నీ గీకి, ఆ పీచుని ఉమ్మితో కలిపి నమిలి, ఆరు మూలల గదులు కడతాయి. ఒక్కో గదిలో ఒక్కో గుడ్డు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగుకి గొంగళిపురుగుల్నీ, సాలెపురుగుల్నీ ముద్దచేసి తినిపిస్తారు. మన మొక్కల్ని తినే పురుగుల్ని ఏరుకుపోయేది ఇవే.

దక్షిణ భారతంలో బాగా కనిపించే ఇలాంటి కందిరీగ ఒకదాని పేరు రోపాలిడియా మార్జినేటా. ఎరుపు కలిసిన గోధుమరంగు ఒళ్ళు, అక్కడక్కడా పసుపు మచ్చలు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు దశాబ్దాల తరబడి దీని సంసారాన్ని చదివారు. ఆయన డాక్టరేట్ చేసింది మాలిక్యులర్ బయాలజీలో. మనసు పడింది మాత్రం కందిరీగల మీద.

వాళ్ళ పద్ధతి చాలా మామూలుది. పేరంటానికి వచ్చినవాళ్ళకి బొట్టు పెట్టినట్టు గూట్లో ఒక్కో కందిరీగకీ ఒక్కో రకంగా రంగు చుక్కలు పెట్టడం, ఎదురుగా కూర్చోవడం, ఎవరు ఎవరికి తినిపించారో, ఎవరు ఎవర్ని తరిమారో, ఎవరు ఎప్పుడు బయటికి వెళ్ళి ఏం తెచ్చారో గంటల తరబడి రాసుకోవడం. అలా రాసుకున్న లెక్కలు తిరగేస్తే ఆ ఇంట్లో మూడు రకాల ఆడవాళ్ళు తేలారు. కూర్చునేవాళ్ళు, కొట్లాడేవాళ్ళు, తిరిగేవాళ్ళు. 1983లో అచ్చయిన ఈ ఫలితం చదివితే ఏ ఉమ్మడి కుటుంబంలో పుట్టిన పిల్లకైనా నవ్వొస్తుంది.

తేనెటీగల్లో రాణికీ కూలి ఈగకీ ఒంటి తీరులోనే తేడా ఉంటుంది. పిల్ల పురుగుగా ఉన్నప్పుడు పెట్టిన తిండి ఆ తేడా తెస్తుంది. ఈ కందిరీగల్లో ఆ తేడా లేదు. రాణినీ కూలినీ పక్కపక్కన పెడితే చూసి చెప్పలేం. రెక్కలొచ్చిన ప్రతి ఆడ కందిరీగ ముందూ నాలుగు దారులున్నాయి. గూడు వదిలి ఒంటరిగా కొత్త ఇల్లు కట్టుకోవచ్చు. ఒకరిద్దరితో కలిసి కట్టుకోవచ్చు. పుట్టింట్లోనే ఉండి చాకిరీ చేస్తూ బతికేయొచ్చు. ఉండి, అదను చూసి, తనే రాణి కావొచ్చు.

తలుపు ఎప్పుడూ తెరిచే ఉందన్నమాట. మరి చాలామంది ఎందుకు ఉండిపోతారు?

కాకినాడకి వచ్చిన దొరగారి లెక్క

ఈ ప్రశ్న డార్విన్‌నే కలవరపెట్టింది. ఎక్కువ పిల్లల్ని కన్నవాటి గుణాలే తరతరాలకీ నిలుస్తాయని కదా ఆయన సిద్ధాంతం. అసలు పిల్లల్నే కనని కూలి చీమ గుణం ఎలా నిలిచింది? తన సిద్ధాంతానికే ఇది ప్రాణాంతకమేమో అని మొదట భయపడ్డానని 1859 నాటి పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. ఎంపిక ఒక్కో ప్రాణికే కాదు, కుటుంబానికి కూడా వర్తిస్తుందని చెప్పి అప్పటికి గట్టెక్కాడు.

ఆ కుటుంబం లెక్కని సరదాగా చెప్పినాయన జె.బి.ఎస్. హాల్డేన్. నీళ్ళలో మునిగిపోతున్న ఇద్దరు అన్నదమ్ముల కోసమైతే ప్రాణం ఇస్తాను, లేదంటే ఎనిమిదిమంది కజిన్స్ అయినా ఉండాలి అన్నాడని చెప్పుకుంటారు. తోడబుట్టినవాడిలో మన జన్యువులు సగం పాళ్ళు, పెదనాన్న పిల్లల్లో ఎనిమిదో వంతు ఉంటాయి కనుక అలా లెక్క సరిపోతుందని చమత్కారం. ఈ హాల్డేన్ మనకి బొత్తిగా పరాయివాడు కాదు. 1957లో ఇంగ్లండ్ వదిలి ఇండియా వచ్చేశాడు. మన దేశ పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

ఆ 1964లోనే డబ్ల్యు.డి. హామిల్టన్ అనే ఇంగ్లీషు కుర్రాడు చమత్కారాన్ని పక్కా లెక్కగా మార్చాడు. సాయం వల్ల చుట్టానికి కలిగే లాభాన్ని ఆ చుట్టరికపు వాటాతో గుణించాలి. ఆ వచ్చింది సాయం చేసినవాళ్ళకి పడిన నష్టం కంటే ఎక్కువైతే, అలాంటి సాయగుణం తరతరాలకీ నిలుస్తుంది. పురుగు కూర్చుని లెక్కలు వేసుకుంటుందని కాదు. లెక్క కుదిరిన గుణాలే మిగులుతాయని.

చీమలు, తేనెటీగలు, కందిరీగల కుటుంబాల్లో ఇంకో తమాషా ఉంది. వాటిలో మగవాడికి తండ్రి ఉండడు! ఫలదీకరణ జరగని గుడ్డు మగపిల్లాడవుతుంది, జరిగినది ఆడపిల్ల. తండ్రి లేకపోయినా తాతయ్య మాత్రం ఉంటాడు, తల్లికి తండ్రి. ఆ మగవాడి దగ్గర ఉన్నది ఒక్క వరస జన్యువులే కనుక కూతుళ్ళందరికీ అవే పూర్తిగా ఇస్తాడు. అందువల్ల ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన అక్కచెల్లెళ్ళ మధ్య చుట్టరికం నూటికి 75 పాళ్ళు. తను కనే కూతురితో అయితే 50 పాళ్ళే. కూతుర్ని కనడం కంటే అమ్మ చేత ఇంకో చెల్లెల్ని కనిపించడమే లాభం!

ఎంత అందంగా కుదిరిందో చూడండి. అంత అందంగా కుదిరిన లెక్కని చూస్తే ఇల్లాలికి అనుమానం రావాలి. వచ్చింది కూడా.

ఒక తల్లి, పదిమంది తండ్రులు

తేనెటీగ రాణి పెళ్ళి ఒక్కరితో కాదు. గాలిలో ఎగురుతూ పది ఇరవై పోతుటీగలతో కలుస్తుంది. ఆ తరవాత బతికినంతకాలం ఆ దాచుకున్న బీజంతోనే గుడ్లు పెడుతుంది. కనుక పట్టులో ఉన్న వేలాది అక్కచెల్లెళ్ళలో ఎక్కువమంది ఒక తల్లికి వేరువేరు తండ్రుల వల్ల పుట్టినవాళ్ళు. వాళ్ళ మధ్య చుట్టరికం 75 నుంచి 25కి పడిపోయింది.

ఇక్కడ గొడవ మొదలవుతుంది. కూలి ఈగ మగవాటితో కలవదు గానీ, దానికీ అండాశయం ఉంది. ఫలదీకరణ లేని గుడ్డు పెట్టగలదు, అంటే కొడుకుని కనగలదు. సొంత కొడుకుతో దాని వాటా 50 పాళ్ళు. అమ్మ కనే కొడుకుతో, అంటే తమ్ముడితో 25. సవతి తండ్రి వల్ల పుట్టిన అక్క కొడుకుతో పన్నెండున్నర. లెక్క ఏం చెప్తోందో చూశారా? ‘నేను కంటే మంచిదే. నువ్వు మాత్రం కనకూడదు. నీకంటే అమ్మ కనడం నయం.’ ప్రతి కూలి ఈగకీ మిగతావాళ్ళందరి విషయంలో ఇదే మాట.

అందుకని అవి ఒకదానినొకటి కాపలా కాస్తాయి. ఫ్రాన్సిస్ రాట్నీక్స్, కిర్క్ విషర్ అనే శాస్త్రవేత్తలు 1989లో రాణి పెట్టిన మగ గుడ్లనీ, కూలి ఈగలు పెట్టిన గుడ్లనీ పట్టులో ఉంచి చూశారు. ఒక్క రోజు తిరిగేసరికి కూలి ఈగల గుడ్లు దాదాపు అన్నీ మాయం. తోటి కూలి ఈగలే ఏరి తినేశాయి. రాణి గుడ్లు ఎన్నో మిగిలాయి. పట్టులో చివరికి పెరిగి పెద్దయ్యే పోతుటీగల్లో కూలి ఈగల కొడుకులు వెయ్యికి ఒకటి ఉంటే గొప్ప.

2006లో రాట్నీక్స్, టామ్ వెన్సెలియర్స్ ఇంకో అడుగు ముందుకేశారు. తేనెటీగనీ, కొన్ని జాతుల కందిరీగల్నీ పోల్చి చూశారు. గుడ్లు తినే కాపలా ఎంత గట్టిగా ఉంటే, గుడ్లు పెట్టడానికి పూనుకునే కూలీలు అంత తక్కువ. పెట్టినా మిగలదని తేలిపోయినచోట పెట్టడమే మానుకున్నాయన్నమాట. మనం దూరం నుంచి చూసి ఏమంటాం? ‘ఎంత నిస్వార్థం!’ అంటాం.

ఈ పట్టులో ఒక్క ఆచారం మాత్రం నాకు భలే నచ్చింది. కాపురం పెరిగి ఇల్లు ఇరుకైతే వేరుపడి వెళ్ళిపోయేది కూతురు కాదు, తల్లి. కొందరు కూలీల్ని వెంటబెట్టుకుని పాత రాణి కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కట్టిన ఇల్లూ దాచిన తేనే కూతురికి వదిలేస్తుంది. తాళాలగుత్తి బొడ్డున దోపుకుని ఇవ్వని మనవాళ్ళు చూడాల్సిన దృశ్యం. కానీ వెనకాల జరిగేది కూడా చూడాలి మరి. ముందుగా బయటికొచ్చిన కొత్త రాణి, ఇంకా గదుల్లోంచి రాని తోటి రాణుల్ని వెతికి కుట్టి చంపుతుంది. ఒకే గుమ్మంలోంచి ఒక పక్క ఔదార్యం, ఇంకో పక్క హత్య.

ఒంటరిగా వెళ్తే ఏమవుతుంది?

మళ్ళీ మన సన్‌షేడ్ కిందికి వద్దాం. రోపాలిడియా ఇంట్లో చుట్టరికాలు ఇంకా చిక్కు. అక్కడ రాణులు తరచూ మారుతుంటారు. నిన్న అమ్మ రాణి, ఇవాళ అక్క, రేపు పిన్ని కూతురు. అందువల్ల ఒక కూలి కందిరీగ తన జీవితంలో చెల్లెళ్ళతో పాటు అక్క పిల్లల్నీ, పిన్ని పిల్లల్నీ, ఇంకా దూరపు చుట్టాల్నీ సాకుతుంది. ఇంగ్లీషువాడు కజిన్ అని ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకి బోలెడు వరసలున్నాయి కాబట్టి మనకే ఈ ఇల్లు బాగా అర్థమవుతుంది. చుట్టరికం ఇంత పలచబడ్డాక 75 పాళ్ళ లెక్క నిలవదు. అయినా ఉండిపోతున్నాయి. ఎందుకని?

ఒంటరిగా ఇల్లు కట్టుకున్న కందిరీగ బతుకు చూడండి. తనే గోడలు కట్టాలి, తనే గుడ్లు పెట్టాలి, తనే వేటకి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు ఇంటికి కాపలా ఉండదు. పెద్ద జాతి కందిరీగ వెస్పా ట్రోపికా వచ్చి గదుల్లోని పిల్లల్ని ఎత్తుకుపోతుంది. పిల్ల పురుగు పెరగడానికి వారాలు పడుతుంది. ఈలోగా తల్లి ఏ పిట్ట నోటనో పడితే అప్పటిదాకా పడిన చాకిరీ అంతా సున్న. పిల్లలు ఆకలితో చస్తాయి.

అదే పదిమంది ఉన్న ఇంట్లో కూలి కందిరీగ సగంలో చనిపోయినా, అది సగం పెంచిన పిల్లని మిగిలినవాళ్ళు పెంచుతారు. చేసిన పని వృథా పోదు. 1990లో గడగ్కర్ చెప్పిన ఈ మాట చుట్టరికపు వాటాలన్నిటి కంటే నాకు సులువుగా బుర్రకెక్కింది. చీటీ పాటలో చేరినట్టు అన్నమాట. ఒక్కతే దాచుకుంటే మధ్యలో ఏదైనా అయితే అంతా పోతుంది, నలుగురితో కడితే కొంతైనా చేతికొస్తుంది.

ఇంకొకటి. పుట్టిన ఆడ కందిరీగల్ని వేరుగా ఉంచి, పుష్కలంగా తిండి పెట్టి చూస్తే సుమారు సగం మాత్రమే గుడ్లు పెట్టాయి. మిగతా సగం పెట్టకుండానే పోయాయి. దారి తెరిచి ఉన్నా నడిచే శక్తి అందరికీ ఒకేలా లేదు. సొంత కాపురం కుదరనివాళ్ళకి పుట్టిల్లే మంచి బేరం.

మెతక రాణి, కోపిష్టి వారసురాలు

రాణి అనగానే మనకి గయ్యాళి అత్తగారు గుర్తొస్తుంది. నిజానికి చాలా కందిరీగ జాతుల్లో రాణి అలాంటిదే, కరిచి గుద్ది అందర్నీ అదుపులో పెడుతుంది. రోపాలిడియా మార్జినేటా రాణి మాత్రం ‘కూర్చునేవాళ్ళ’ కోవలోది. ఎవర్నీ ఏమీ అనదు. రంగు చుక్కలు లేకపోతే ఆవిడే రాణి అని పోల్చుకోలేం, గుడ్డు పెడుతుంటే తప్ప. తను ఉన్నానని ఒంటి నుంచి వెలువడే ఒక రసాయనంతో, ఫెరమోన్‌తో, అందరికీ తెలియజేస్తుంది.

మరి పనులు చెప్పేదెవరు? ఎవరూ కాదు. కూలి కందిరీగలే ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, తరుముకుంటూ ‘తిండి చాలట్లేదు, వెళ్ళు’ అని చెప్పుకుంటాయి. ఇంట్లో ఆకలి పెరిగితే ఆ పోట్లాట పెరుగుతుంది. మనకి గొడవలా కనిపించేది వాళ్ళకి కబురు.

ఇప్పుడు రాణిని గూట్లోంచి తీసేశారనుకోండి. నిమిషాల్లో ఒక కూలి కందిరీగ పూనకం వచ్చినట్టు మారిపోతుంది. అప్పటిదాకా అందరిలో ఒకతెగా ఉన్న ఆ పిల్ల అడ్డొచ్చినవాళ్ళందర్నీ కరుస్తుంది, తరుముతుంది. రాణిని తిరిగి తెచ్చి పెడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు పనిలో పడిపోతుంది. తేకపోతే రోజులు గడిచేకొద్దీ ఆ దూకుడు తగ్గి, వారం అటూ ఇటూగా గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. ఆ తరవాత అదీ మెతక రాణే!

ఆశ్చర్యం అది కాదు. ఆ ఒక్కతె తప్ప ఇంకెవరూ పోటీకి రారు. మిగతావాళ్ళు దెబ్బలు తిని ఊరుకుంటారు, తిరగబడరు. వారసురాలు ఎవరో రాణి ఉండగా శాస్త్రవేత్తలు ఎంత ప్రయత్నించినా పసిగట్టలేకపోయారు. వయసూ, ఒడ్డూపొడుగూ, తెగువా ఏదీ ఖచ్చితంగా పట్టివ్వలేదు. గడగ్కర్ శిష్యురాలు అనిందిత భద్ర గూటిని రెండుగా చేసి మధ్య వల కట్టి, రాణిని ఇటూ అటూ మార్చి చూశారు. ఆ గురుశిష్యులు 2008లో తేల్చిందేమిటంటే, మనకి తెలియకపోయినా కందిరీగలకి తెలుసు!

తరవాతి పరిశోధనలో రాణినీ, దాని వెనక వచ్చిన వారసురాలినీ, ఆ వెనక వచ్చినదాన్నీ ఒకటొకటిగా తీసేస్తూ పోయారు. అయిదుగురి దాకా అలా వరసగా వచ్చారు. ప్రతిసారీ ఒక్కతే లేచింది. ప్రతిసారీ మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. 2012లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేమిటంటే, ఆ ఇంట్లో కంటికి కనబడని క్యూ ఒకటి ఉంది. ఎవరి తరవాత ఎవరో అందరికీ తెలుసు. తోసుకోవడాలు లేవు. రేషను షాపు ముందు నిలబడ్డవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

క్యూలో ఉన్నవాళ్ళు చాకిరీ చేస్తూ ఉండడం వేరు, ఎప్పటికీ వంతు రానివాళ్ళు చేయడం వేరు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. లోపలి సంగతి వేరు.

నెల్లూరు డాక్టరుగారి చీమ

వరస లేని ఇంట్లో వంతు కోసం ఏం జరుగుతుందో చూడాలంటే దక్షిణాదిలోనే ఉన్న ఇంకో పురుగు చాలు. థామస్ జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు మద్రాసు రాజ్యంలో ఉద్యోగం చేస్తూ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. కడప అడవుల్లో 1986లో మళ్ళీ కనిపించి పేపర్లకెక్కిన కలివి కోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. ఆయనే 1851లో దక్షిణ భారతపు చీమల జాబితా అచ్చువేశాడు. అందులో ఒకటి పెద్ద కళ్ళతో, పొడుగాటి దవడలతో, వేట మీదికి ఎగిరి దూకే చీమ. పేరు హార్పెగ్నాథస్ సాల్టేటర్.

ఈ పుట్టలో రాణి పోతే కూలి చీమలు మీసాలతో కొట్టుకుంటూ పోటీకి దిగుతాయి. ఒక్కోసారి నలభై రోజుల దాకా. గెలిచిన కొద్దిమంది గుడ్లు పెట్టే పదవిలో కూర్చుంటారు. పదవి వచ్చాక ఒళ్ళు కూడా మారుతుంది. అండాశయం ఎదుగుతుంది, మెదడు నాలుగో వంతు దాకా కుంచించుకుపోతుంది! వేటకీ దారి గుర్తుపెట్టుకోవడానికీ కావలసిన మెదడు గుడ్లు పెడుతూ కూర్చునేవాళ్ళకి అనవసరపు ఖర్చు. ఆయుష్షు మాత్రం ఏడు నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పెరుగుతుంది.

2021లో తెలిసింది ఇంకా విశేషం. అలా గెలిచిన చీమని కొన్ని వారాలు విడిగా ఉంచి తిరిగి పుట్టలో వేస్తే, తోటివాళ్ళు దాన్ని పట్టి ఆపుతారు. అది పదవి పోగొట్టుకుని మళ్ళీ కూలి అవుతుంది. అండాశయం తగ్గుతుంది, మెదడు తిరిగి మునుపటంత పెరుగుతుంది. ‘అది పుట్టుకతోనే అంత, దాని బుర్ర అంతే’ అని మనుషుల విషయంలో తేలిగ్గా అనేవాళ్ళకి ఈ చీమ సంగతి చెప్పాలి. చోటు మారితే బుర్ర కూడా మారిందని.

మరి మగవాళ్ళో?

అడుగుతారని తెలుసు. రోపాలిడియా మగవాడు పుట్టింట్లో వారం పాటు కూర్చుని తిని వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. మగవాళ్ళకి ఆ పని చేతకాదనే చాలాకాలం అనుకున్నారు. గడగ్కర్ దగ్గర పనిచేసిన రుచిరా సేన్ ఆడవాళ్ళు లేని గూట్లో మగవాళ్ళకి కావలసినంత తిండి ఇచ్చి చూశారు. శుభ్రంగా పిల్లలకి తినిపించారు! ఆడవాళ్ళంత నేర్పుగా కాదు, కానీ తినిపించారు. 2006లో అచ్చయిన సంగతి ఇది. చేతకాక కాదు, అవసరం పడక. ఇంతకంటే నేను వ్యాఖ్యానించను.

మగవాడు ఇల్లు పట్టని మనిషిగా ఉండడం ప్రకృతి శాసనమేమీ కాదు. నాగులచవితికి మనం పాలు పోసే పుట్ట ఉంది కదా, అది కట్టేది పాములూ కావు, చీమలూ కావు. చెదపురుగులు. ఆ పుట్ట లోపలి గదిలో రాణి పక్కన రాజు కూడా ఉంటాడు, కలిసి వెళ్ళిపోడు, జీవితాంతం కాపురం చేస్తాడు. అక్కడ కూలీల్లో ఆడా మగా ఇద్దరూ ఉంటారు. అంతంత పెద్ద పుట్టలు ఆడామగా కలిసి కట్టినవే.

త్యాగం అనే ముందు

పురుగులు చేస్తున్నాయి కనుక మనకీ అదే న్యాయం అనడం తెలివితక్కువ. తేనెటీగని ఆదర్శంగా తీసుకుంటే అక్క పెట్టిన గుడ్డు తినేయాలి. అయితే వాటిని చూసిన శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్నలు మాత్రం మనం అడగొచ్చు.

మా బంధువుల్లో ఒకావిడ ఉండేది. తండ్రి పోయేనాటికి ఆవిడే పెద్దది. టైపు నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. ముగ్గురు తమ్ముళ్ళని చదివించింది, పెళ్ళిళ్ళు చేసింది, వాళ్ళ పిల్లలకి పెద్దత్తయ్య అయింది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఏ శుభకార్యానికి వెళ్ళినా ‘త్యాగమూర్తి’ అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఒకసారి అలా అన్నాక వంటింట్లోకి వచ్చి నాతో మెల్లిగా అంది, “చేయమని నన్నెవరూ అడగలేదమ్మా. చాల్లే, ఇక నీ సంగతి చూసుకో అని కూడా ఎవరూ అనలేదు.”

ఇలాంటి ఆడవాళ్ళ మీద మనం కథలు చాలా రాశాం. కొన్నిట్లో ఆవిడ దేవత, కొన్నిట్లో అమాయకురాలు. కందిరీగల దగ్గర కూర్చున్నవాళ్ళు ఈ రెండు మాటలూ వాడలేదు. బయటికి వెళ్ళే దారి నిజంగా తెరిచి ఉందా అని చూశారు. వెళ్తే బతికే అవకాశం ఎంత అని చూశారు. గుడ్డు పెడితే తినేసే కాపలా ఎవరని చూశారు. వరసలో ఆమె వంతు ఉందా, లేక వరసలోనే లేదా అని చూశారు. మా బంధువు విషయంలో ఈ నాలుగిట్లో ఒక్కటి కూడా ఎవరూ అడగలేదు. ఆడపిల్ల జీతం మీద బతికే ఇంట్లో సంబంధం చూసే తొందర ఎవరికుంటుంది? కాపలా అంటే గుడ్లు తినేయడమే కానక్కర్లేదు, ఆ మాట ఎత్తకుండా ఉండడం కూడా కాపలాయే.

ఆవిడ చేసింది తక్కువ అని కాదు. ముగ్గురు మనుషులు నిలబడ్డారు. ఆ ప్రేమ నిజం. ప్రేమ ఉన్నచోట లెక్క ఉండదనుకోవడమే మనం ఇన్నాళ్ళూ చేస్తున్నది. ఉంటుంది. లెక్క ఉన్నంత మాత్రాన ప్రేమ అబద్ధం కాదు. లెక్క ఎవరికీ కనిపించకుండా ఉంచినప్పుడే ఒకళ్ళ వాటా ఇంకొకళ్ళ ఖాతాలోకి పోతుంది.

పొత్తుగా ఉన్న ఇంట్లో పోరు లేదని మురిసిపోకండి. పోరు ఎక్కడ దాచారో చూడండి. పోట్లాడుకునే ఇల్లు విడిపోతుందనీ భయపడకండి. ఆకలేస్తోందని చెప్పడానికి కొన్నిళ్ళల్లో అదే భాష. మీ ఇంట్లో అందరి కంటే ఆలస్యంగా అన్నం తినే మనిషి ఎవరో మీకు తెలుసు. ఆవిణ్ణి పొగిడే ముందు, ఆవిడ వంతు ఎప్పుడొస్తుందో ఒక్కసారి అడిగి చూడండి.